కాఫీ డబ్బా మూత

"ఈ మూతకి కంత పెట్టింది ఎవరు?"

ఆదివారం పొద్దున్నే ఆవిడ కాఫీ డబ్బా పట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడింది. ప్లాస్టిక్ మూతలో ఒక పక్క మూడుమూలల ముక్క లేచిపోయి ఉంది. ఎలుక ఇంత శుభ్రంగా కొరకదు.

ఆయన గిటారుకి తీగ బిగిస్తూ తల ఎత్తలేదు. "చిన్న ముక్కేగా!"

"ఆ చిన్న కంతలోంచే గాలి వెళ్తుంది. గాలి తగిలితే పొడి గడ్డకడుతుంది. రేపు కాఫీ తాగి మొహం చిట్లించేది మళ్ళీ మీరే."

"కొన్న గిటారు బిళ్ళలన్నీ బిరుసుగా ఉన్నాయోయ్. ఇదైతే చక్కగా వంగుతుంది."

"అయితే ఈసారి నా చెప్పు కోసుకోండి. అదీ చక్కగానే వంగుతుంది."

"అమ్మా, అలాంటి ఐడియాలు ఇవ్వకు. నాన్న నిజంగానే కోసేస్తాడు," అంది పదిహేనేళ్ళ కూతురు, సోఫాలోంచి లేవకుండానే.

తీగలు మీటడానికి మూత ముక్కతో చేసుకున్న ఆ బిళ్ళని ఆవిడ ఆయన వేళ్ళ మధ్య నుంచి లాక్కుని, వంటింట్లోకి వెళ్ళి చెత్తబుట్టలో పడేసింది. పడేశాక కూడా కోపం తగ్గలేదు. తన కోపం మూత మీద కాదని ఆవిడకి తెలుసు.

ఆయన ఇరవై నాలుగేళ్ళుగా ఇతరుల పాటల్లో రాక్ గిటారు వాయిస్తున్నాడు. పాట ఒకరిది, గొంతు ఒకరిది, క్యాసెట్టు అట్ట మీద బొమ్మ ఇంకొకరిది. ఆయన పేరు ఎక్కడా ఉండదు. ఒకప్పుడు రోజుకి రెండు స్టూడియోలు తిరిగేవాడు. ఇప్పుడు కంప్యూటర్లే గిటారు కూడా వాయించేస్తున్నాయి. నెలకి రెండు పిలుపులు వస్తే గొప్ప. ఇల్లు ఎలాగో నెట్టుకురావచ్చు. మోగని ఫోను పక్కన కూర్చుని పొద్దస్తమానం తీగలు సవరించుకునే మనిషిని చూడటమే ఆవిడ వల్ల కాలేదు. అందుకే పది రోజుల క్రితం, ఆయనకి చెప్పకుండా, అన్నయ్యకి ఫోను చేసింది.

అన్నయ్యకి టైల్స్ దుకాణం ఉంది. రెండోది తెరుస్తున్నాడు. "బావని మేనేజరుగా కూర్చోబెడతాను. పాత దుకాణంలో నాతో పాటు నెల్లాళ్ళు నేర్చుకుంటే చాలు. ఆదివారం భోజనానికి వచ్చి మాట తీసుకుంటా," అన్నాడు. సంగతి చెప్పినప్పుడు ఆయన కాదనలేదు. "చూద్దాం" అన్నాడు. ఇష్టం లేని పనికి ఆయన తల ఊపే పద్ధతి అదే.

ఆ ఆదివారం ఇదే. పదకొండింటికి రికార్డింగు కూడా ఉంది. బహుశా ఆఖరిది.

ఆ ఇంట్లో రికార్డింగంటే అందరికీ పనే. పడగ్గది అలమారలో దుప్పట్ల మధ్య ఆంప్లిఫయరు, దాని ముందు మైకు పెడతారు. కూతురు ఫ్యాన్లు ఆపుతుంది. ఆవిడ ఫ్రిజ్ ప్లగ్గు పీకి, కింద పాతగుడ్డ వేసి, పొయ్యి మీది కుక్కరు దింపేస్తుంది. ఆ పూటకి ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు.

కంప్యూటరు తెరలో కుర్రకారు బృందం కనిపించింది. నుదుటి మీద పడే జుట్టుని మాటిమాటికీ ఊదుకునే గాయకుడే వాళ్ళ పెద్ద.

"సార్, మాకు ఇలాంటి గిటారు సోలో కావాలి. ఒకసారి వినండి," అని అతను పాత పాటొకటి వినిపించాడు.

మొదటి స్వరానికే వంటింట్లో ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. అది ఆయన వాయించినదే! పెళ్ళయిన కొత్తలోది.

ఆయన మాత్రం అది తనదేనని చెప్పుకోలేదు. వాయించాడు. పొల్లుపోలేదు.

"బాగుంది సార్. కానీ..." జుట్టబ్బాయి నసిగాడు. "దాంట్లో ఒక గరుకుదనం ఉంది. ఎవరో గోకుతున్నట్టు. అది రావట్లేదు."

ఇంకోసారి వాయించాడు. ఇంకోసారి.

"పోనీలెండి సార్. మీరనే కాదు, ఇంతకుముందు ముగ్గురు ప్రయత్నించారు. అసలాయన ఎవరో దొరికితే బావుండేది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కదా అనుకుంది ఆవిడ. గుమ్మంలోంచి చూస్తే ఆయన తన కుడిచేతి వంక చూసుకుంటున్నాడు, అది వేరెవరిదో అన్నట్టు. తన వాయింపు తనకే రాలేదు. ఆ మొహంతో భోజనానికి కూర్చుంటే అన్నయ్యకి ఏ మాట ఇస్తాడో వేరే చెప్పక్కర్లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పాట రికార్డయిన రోజు ఇద్దరూ సినిమాకి వెళ్తూ దారిలో స్టూడియోకి వెళ్ళారు. ఆయన బిళ్ళ జారి లిఫ్టు సందులో పడిపోయింది. తన సంచిలోని పౌడరు డబ్బా తీసి, మూత కత్తిరించి, తనే ఆయన చేతికిచ్చింది. పల్చటి ప్లాస్టిక్కు. తీగని మీటలేదు, గీరింది.

ఆవిడ చెత్తబుట్ట బోర్లించింది. ఉల్లితొక్కల కింద బిళ్ళ దొరికింది. కుళాయి కింద కడిగి, పైటకొంగుతో తుడిచి, వెళ్ళి ఆయన ముందు చెయ్యి చాపింది.

"ఆ రోజు నా పౌడరు డబ్బా మూతతో వాయించారు. మర్చిపోయారా?"

ఆయన ఆవిడనీ, బిళ్ళనీ మార్చి మార్చి చూశాడు. "ఉల్లిపాయ వాసనొస్తోంది."

"ముక్కుతో వాయించరుగా! కానివ్వండి."

ఈసారి తీగ గీరుకుంది. తెరలో ఆ అబ్బాయి జుట్టు ఊదుకోవడం మర్చిపోయాడు. సోలో అయిపోగానే తెరకి దగ్గరగా జరిగాడు.

"సార్... అది మీరేనా?"

"అప్పట్లో నేనే," అన్నాడాయన.

"అప్పట్లో ఏంటి నాన్నా, ఇప్పుడు కూడా!" అని అరిచింది కూతురు.

అన్నయ్య వచ్చేసరికి అన్నం ఉడికింది. ఫ్రిజ్ కింద గుడ్డ తడిసి ముద్దయింది. అందరూ కూర్చున్నారు. కూర వడ్డిస్తుండగానే అన్నయ్య, "ఏం బావా, ఒకటో తారీఖు నుంచి వచ్చేస్తున్నట్టేనా?" అన్నాడు.

ఆయన ముద్ద కలుపుతూ ఆగాడు. జుట్టబ్బాయి బృందం మూడు నెలల పాటు ఊరూరా కచేరీలు చేయబోతోంది. రికార్డింగు అవగానే, తమతో వేదిక మీదకి రమ్మని, అందరి పేర్లతో పాటు ఆయన పేరూ వేస్తామని అడిగారు. ఆ సంగతి ఆవిడకి చెప్పినప్పుడు ఆయన మొహం వెలిగింది. ఇప్పుడు అన్నయ్యని చూసి మళ్ళీ ఆరిపోతోంది.

"చూ..."

"చూద్దాం అనకండి," అంది ఆవిడ. "అన్నయ్యా, ఆయన రారు. కచేరీలకి వెళ్తున్నారు."

"మరి నా దుకాణం? ఆ కుర్చీ ఎవరికివ్వను?"

"నాకు."

అన్నయ్య నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "నీకా? నీకు టైల్స్ గురించి ఏం తెలుసమ్మాయ్?"

ఆవిడ గరిటెతో వంటింటి గోడ చూపించింది. "అదిగో, నాలుగో వరుస, కిటికీ పక్కది. మిగతా వాటికంటే ఒక ఛాయ తక్కువ. పదకొండేళ్ళ క్రితం నువ్వు వేయించినప్పుడే చెప్పాను. నువ్వూ, నీ మేస్త్రీ కూడా నా కళ్ళకే జబ్బన్నారు."

అన్నయ్య మెడ సాచి చూశాడు. ఆయన కూడా చూశాడు. కూతురు లేచి వెళ్ళి మరీ చూసింది.

"నిజమే మామయ్యా. తేడాగా ఉంది."

"కళ్ళజోడు తెచ్చుకోలేదు," అన్నాడు అన్నయ్య, నీళ్ళు తాగి.

"తెచ్చుకున్నాకే చూడు. ఒకటో తారీఖు తొమ్మిదింటికి వస్తాను," అని ఆవిడ ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసి, తన పళ్ళెం ముందుకు లాక్కుంది.