ఇంజను రంగు పందిరి

బెంగాలీల ఊళ్లోని రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో దేముడు తాత క్వార్టరు ముందు పొద్దున్న ఆరింటికే నలుగురైదుగురు ఆడవాళ్లు ఇడ్లీ ప్లేట్లతో నిలబడి ఉంటారు. తాత చెంబుడు నీళ్లు తాగి, అరుగు మీద కూర్చుని, ప్లేట్ల కింద రెండు అరచేతులూ పెడతాడు. చేతుల్లోంచి ఆవిరి లేస్తుంది. పది నిమిషాల్లో ఇడ్లీలు ఉడుకుతాయి. వర్క్‌షాపులో ముప్పై ఎనిమిదేళ్లు బాయిలర్ల దగ్గర పనిచేసిన మనిషి. ఆవిరి ఇంజన్లు పోయి ఎన్నేళ్లో అయింది గానీ ఆవిరి మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఆ ఆవిరి బిగుసుకుపోయినదాన్ని వదులు చేస్తుంది. తుప్పు పట్టిన నట్టు, మొరాయించిన తాళం, భార్య చిట్టెమ్మ మోకాళ్లు, ఏదైనా సరే, తాత చెయ్యి వేస్తే పట్టు వదులుతుంది. పక్క క్వార్టరు బెంగాలీ మాస్టారు జలుబు చేసినప్పుడల్లా "దాదూ, ఏక్టు హాత్ దిన్", తాతా కాస్త చెయ్యివ్వండి, అంటూ వచ్చి, తాత చేతిని ముక్కు ముందు పెట్టించుకుని హాయిగా ఊపిరి పీల్చుకుంటూ వెళ్తాడు.

తాత మనవరాలు మీనాకుమారికి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు కార్తికేయది కరీంనగర్ వైపు. ఇక్కడి ఇంజినీరింగు కాలేజీలో పరిశోధన చేస్తూ ప్రేమ్ బజార్‌లో గది తీసుకున్నాడు. మీనా పనిచేసే షాపుకి థీసిస్ బైండింగుకని వచ్చాడు. బైండింగు అయిపోయాక కూడా వస్తూనే ఉన్నాడు.

ఈ రోజుల్లో పెళ్లంటే ఒక థీము ఉండాలి కదా. ఒకళ్లు రాజుల కోట అంటారు, ఇంకొకళ్లు సముద్రం ఒడ్డు అంటారు. కార్తికేయ దేముడు తాత చేతుల వంక కాసేపు చూసి, "మనం ఆవిరి ఇంజను పెళ్లి చేసుకుందాం" అన్నాడు. మీనాకి అతని మీద ఉన్న ఇష్టం ఆ ఒక్క మాటతో రెండింతలైంది.

ఇక చూడాలి ఆ హడావిడి. శుభలేఖ పాతకాలపు అట్ట రైలు టికెట్టంత, దానికో చిల్లు. వడ్డించేవాళ్లకి గార్డుల తెల్ల డ్రెస్సు. పెళ్లికొడుకు ఊరేగింపుకి కారు బదులు నలుగురు తోసే రైల్వే ట్రాలీ. న్యూ సెటిల్‌మెంట్‌లో గుడి పక్క హాల్లో ఇంజను ఆకారంలో పెళ్లిపందిరి. ఆ పందిరి పని మాత్రం పెళ్లికూతురి తల్లి రాధారాణి ఎవరికీ ఇవ్వలేదు.

"ఇరవయ్యేళ్లుగా రైలుపెట్టెలకి రంగులేత్తన్నాను. నా కూతురి పందిరికి ఇంకెవడో ఏత్తాడేటి?" అంది.

రాధారాణి దేముడు తాత కోడలు. మీనాకి అయిదేళ్లప్పుడు మొగుడు జ్వరంతో పోతే, అతని ఉద్యోగం ఆమెకిచ్చి, వర్క్‌షాపులో పెట్టెలకి రంగులేసే విభాగం, రంగుల షాపులో వేశారు. మొదట్లో బ్రష్షు పట్టుకుని ఏడ్చింది. ఇప్పుడు ఆమె వేసిన రంగుకి వంక పెట్టగలవాడు వర్క్‌షాపులో లేడు. ఆ పనే లేకపోతే తనూ పిల్లా ఏమైపోయేవాళ్లమోనని ఆమె రోజూ గేటు దాటేటప్పుడు దండం పెట్టుకుంటుంది.

పెళ్లికి అయిదు రోజుల ముందు, ఏర్పాట్లు చూడడానికి కార్తికేయ తల్లి శ్యామల, ఆమె మరిది రంగనాథ్ వచ్చారు. హాల్లో పందిరి సిద్ధంగా ఉంది. నాలుగు స్తంభాలూ, గుండ్రటి ఇంజను ముఖమూ, అంతా ముఖం చూసుకునేంత నున్నటి నలుపు. అంచులకి ఇత్తడి రేకులు. రాధారాణి మోచేతులకి రంగుతోనే మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తోంది.

శ్యామల గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏందిది? పెండ్లి పందిరికి నల్లరంగు ఏసిన్రా?"

"ఇంజను నల్లగానే ఉంటాది కదా వదినగారూ," అంది రాధారాణి.

ఆమెకి నిజంగానే తట్టలేదు. వర్క్‌షాపు వాళ్లకి నలుపంటే విశ్వకర్మ పూజనాడు పసుపూ కుంకుమా పెట్టి దండవేసే ఇంజను రంగు. అది పెళ్లికి పనికిరాదని ఆ వీధిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. పురోహితుడు కూడా చూసి భేషుగ్గా ఉందన్నాడు. ఆయన తండ్రి ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేసినవాడు.

"నేను ముందే చెప్పిన వదినా, దూరపు సంబంధం వద్దని," అన్నాడు రంగనాథ్.

శ్యామల వెళ్లి వెనక వరసలో కుర్చీలో కూలబడింది. "ఈ పెండ్లి ఇప్పుడు వద్దు. ఆపుదాం."

ఇప్పుడు ఆపితే ఈ పెళ్లి ఇక జరగదని అక్కడున్న అందరికీ తెలుసు. మీనా ముఖం పాలిపోయింది.

"అమ్మా, వేరే రంగు వేయిస్తాను," అన్నాడు కార్తికేయ.

"రంగు మారుస్తవు బిడ్డా. నల్ల పందిరి లేపిన్రన్న మాట మారుస్తవా? మీ నాయిన పోయిననాడు నా అడుగు మంచిది కాదన్నరు. ఇరవై రెండేండ్లు పడ్డ. రేపు నీకు తుమ్మొచ్చినా నా పేరే తీస్తరు."

రంగనాథ్ తల పక్కకి తిప్పుకున్నాడు. అప్పుడు ఆ మాట అన్నవాళ్లలో తనూ ఉన్నాడు.

దేముడు తాత లేచి వెళ్లి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆమె సంచిలోంచి ఏదో తీసి పిడికిట్లో గట్టిగా పట్టుకుని ఉంది. "అదేటమ్మా?" అని అడిగాడు.

ఇత్తడి కుంకుమ భరిణ. వాళ్లింట్లో అత్త కోడలికి ఇస్తూ వచ్చినది. భర్త పోయిన రోజు మూసింది, మళ్లీ ముట్టలేదు. ఇప్పుడు కోడలికి ఇద్దామంటే మూత బిగుసుకుపోయింది. "కత్తితోని తీసినా రాలే. అప్పుడే అనుకున్న, ఈ పెండ్లి సాగదని," అంది శ్యామల.

"ఇలాగివ్వమ్మా," అన్నాడు తాత.

రెండు అరచేతుల మధ్యా పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి సన్నగా ఆవిరి వచ్చింది. టక్కుమని మూత లేచింది. లోపల కుంకుమ ఎర్రగా, చెమ్మగా ఉంది. శ్యామల దాన్ని చూస్తూ, ఇరవై రెండేళ్లుగా లోపల దాచుకున్న ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది. ఎవరూ వద్దనలేదు. చిట్టెమ్మ ఆమె వీపు నిమురుతూ కూర్చుంది.

రాధారాణి ఆమె ముందు నేల మీద కూర్చుంది. "వదినగారూ, మా షాపులో ఒక అలవాటున్నాది. పూజనాడు కొత్తగా రంగేసిన పెట్టెకి మొదటి బొట్టు, మొగుడు పోయాక ఆడి ఉద్యోగంలోకొచ్చిన ఆడదే ఎట్టాల. ఇరవయ్యేళ్లుగా నేనెడతన్నాను. ఆ పెట్టెలన్నీ ఊళ్లెంట తిరుగుతానే ఉన్నాయి. ఈ ఇంజనుకి మీరెట్టండి."

శ్యామల అప్పుడు చూసింది, రాధారాణి నుదుట గుండ్రటి బొట్టు.

"వదినా, నువ్వా?" అన్నాడు రంగనాథ్.

"మరెవరు పెట్టాలె? వాన్ని పెంచింది నువ్వా?" అంది శ్యామల.

లేచి వెళ్లి, మొదటి స్తంభానికి బొట్టు పెట్టింది. ఆ నలుపు మీద ఆ ఎరుపు ఎంత అందంగా ఉందంటే, మీనా "అత్తయ్యా!" అని మాత్రం అనగలిగింది. మిగిలిన మూడు స్తంభాలకీ పెట్టాక వేలికి ఇంకా కుంకుమ ఉంది. ఎక్కడ తుడుచుకోవాలో తెలియక నిలబడితే, రాధారాణి ఆమె మణికట్టు పట్టుకుని ఆ వేలిని ఆమె నుదుటికే తీసుకెళ్లింది. శ్యామల చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

పెళ్లి ఆ నల్లపందిరి కిందే జరిగింది. కన్యాదానం తాతా చిట్టెమ్మా చేశారు. మంగళసూత్రాల పళ్లెం అందరి చేతా తాకించడానికి తిప్పే వేళ, ముత్తయిదువలు చేతులు చాచారు. పురోహితుడు వాళ్లని దాటి వచ్చి, ముందు వరసలో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు తల్లుల ముందు పళ్లెం ఆపాడు. హాలంతా చూస్తోంది. రంగనాథ్ కూడా చూస్తున్నాడు. చివరికి ఆయనే, "కానియ్యి వదినా, ముహూర్తం దాటుతది," అన్నాడు.

శ్యామల సూత్రాలు కళ్లకద్దుకుంది. పళ్లెం రాధారాణికి అందిస్తూ, "నువ్వు నల్లరంగు ఏసినందుకు నీకు దండం పెట్టాలె వదినా," అంది. ఇద్దరూ కలిసి పళ్లెం పెళ్లికొడుక్కి అందించారు.