దండెం లేని ఇల్లు

తడి దుప్పటిని వెదురుగడకి తొడిగి, గడను వంటింటి కిటికీలోంచి బయటికి తోసి, కిటికీ కింద గోడకున్న గొట్టంలో గుచ్చి నిలబెట్టడమంటే మాటలు కాదు. నడుము దాకా మనిషి కిటికీ బయటే ఉండాలి. దేశం కాని దేశంలో, యీషున్ పేటలో ఆ తొమ్మిదో అంతస్తు ఫ్లాటు కొన్నప్పటి నుంచీ ఉజ్వల ఆ సర్కస్ చేస్తూనే ఉంది. ఆ శనివారం పొద్దున కూడా గడ సగం బయటికి వెళ్ళిందో లేదో, వెనకనుంచి చక్రధర్ కాఫీ చప్పరిస్తూ అన్నాడు:

"భువనకి ఈ బాధ లేదు చూడు. వాళ్ళ పెరట్లో దండెం ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఉంటుంది. స్తంభాలు కూడా ఆవిడే పాతుకుందట, ఒక్కతీ."

గడ రెండో కొస కాస్త పట్టుకోండి అని ఉజ్వల అనలేదు. అలా అనడం మానేసి చాలా కాలమైంది. దుప్పటి జారకుండా క్లిప్పులు పెట్టింది గానీ ఒక్కో క్లిప్పూ భువన చెవికి పెట్టినట్టే పెట్టింది.

భువన అంటే ఆమెకు కుళ్ళు. ఇందులో దాచేదేమీ లేదు, పచ్చి కుళ్ళు. ఒకప్పుడు భువన ఇక్కడే ఉడ్‌లాండ్స్‌లో ఉండేది, చక్రధర్ పనిచేసే కంప్యూటర్ చిప్స్ ఫ్యాక్టరీలోనే ఇంజనీరు. పెళ్ళి చేసుకోలేదు. మూడేళ్ళ కిందట కంపెనీ ఆమెను అరిజోనా పంపింది. వెళ్ళేముందు ఉజ్వల దగ్గర జాకెట్లు కుట్టించుకుని మరీ వెళ్ళింది. అందుకే భువన ఛాతీ ఎంతో, నడుమెంతో, చంక దగ్గర ఎంత వదులుంటే ఆవిడకు హాయో ఉజ్వలకు కంఠతా వచ్చు. ఇంకో ఆడదాని మీద అసూయపడేవాళ్ళు ఆ మనిషి నడుమును ఊహించుకుని ఏడవాలి. ఉజ్వలకు ఆ ఊహించుకునే అవకాశం కూడా లేదు, నడుము తన టేపుతోనే కొలిచింది. తనకంటే సన్నం.

ఇప్పుడు చక్రధర్‌కీ అరిజోనా బదిలీ అయింది. అప్పటినుంచీ ఇంట్లో భువన జపమే. భువన ఎడారిలో నాలుగెకరాలు కొనుక్కుంది. భువన కోళ్ళు పెంచుతోంది. భువన తలుపుకి నీలం రంగేసుకుంది. ఫోనులో ఫోటో వచ్చిన ప్రతిసారీ చక్రధర్ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూసేవాడు. అతను కోడిని చూస్తున్నాడా, కోడికి గింజలు వేస్తున్న మనిషిని చూస్తున్నాడా అని ఉజ్వల పక్కనుంచి చూసేది. "ధైర్యం ఉండాలి అలా బతకడానికి," అనేవాడు. ఆ మాట అంటూ ఖాళీ కప్పు ఇటు చాపేవాడు.

విచిత్రమేమిటంటే, భువనని అంత మెచ్చుకున్న మనిషి తనకోసం ఎంచుకున్న ఇల్లు మాత్రం అలాంటిది కాదు. ఫీనిక్స్‌కి గంటన్నర దూరంలో, ఎర్రటి గుట్టల మధ్య కట్టిన కాలనీ. పల్లె గాలి, పట్నం పద్ధతి అని దాని ప్రకటన. అందులో ఇల్లు కొన్నవాళ్ళంతా కాలనీ నియమాలకు కట్టుబడి ఉండాలి. ఈ ఫ్లాటు అమ్మి, ఆ డబ్బుతో అది కొనాలని చక్రధర్ ప్లాను. "రూల్స్ ఉంటేనే వాల్యూ పెరుగుతుంది. భువన ఇంటి చుట్టుపక్కల ఏముంది, తుప్పు పట్టిన ట్రక్కులు తప్ప! మనం ఫ్యామిలీ వాళ్ళం," అని తేల్చేశాడు. పద్నాలుగేళ్ళ కూతురు దీక్షిత మాత్రం ఫోటోలు చూసి పెదవి విరిచింది. "సో ఉలూ లా, డాడీ! బస్ కూడా లేదు," అంది. ఉలూ అంటే మనుషుల్లేని మారుమూల అని ఇక్కడి పిల్లల భాష.

నియమాల పుస్తకం కంప్యూటర్లో వచ్చింది. "నువ్వు చదివి పెట్టు, నీకు ఓపిక ఎక్కువ," అన్నాడు చక్రధర్. ఓపిక ఆమెకు ఎక్కువని ఆ ఇంట్లో ఎవరు నిర్ణయించారో గానీ, పెళ్ళయిన దగ్గర్నుంచీ అచ్చంగా ఆమె ఒక్కదాని పేర ఉన్న ఆస్తి అదొక్కటే. కుక్కర్ మూడు కూతల మధ్య, పిండి రుబ్బుతున్నప్పుడు, దీక్షిత ట్యూషన్ దగ్గర మెట్ల మీద కూర్చుని ఉజ్వల దాన్ని చదివింది. మొదట్లో నవ్వొచ్చింది. ఇంటికి ఇసక రంగులు తప్ప వేయకూడదట. కోడి పనికిరాదు, బాతు పనికిరాదు. చెత్తడబ్బా బండి వచ్చే పూట తప్ప వీధికి కనబడకూడదు. చుట్టాల కారు రాత్రిపూట రోడ్డు మీద ఉండకూడదు. ఆరేసిన బట్ట ఏదీ పక్కింటివాళ్ళ కంటపడకూడదు. అక్కడికి వచ్చేసరికి నవ్వు ఆగింది. భూమ్మీద అంత ఎండ కాసే చోటు మరొకటి ఉండదేమో, అక్కడ ఒక్క చీర ఆరేసుకునే దిక్కు లేదు! ఇక్కడ వాన ఎప్పుడొస్తుందోనని రోజూ ఆకాశం కేసి చూస్తూ, పైవాళ్ళ బట్టల నీళ్ళు మన బట్టల మీద కారుతున్నాయని గొణుక్కుంటూ, గడ మోసీ మోసీ జబ్బలు పడిపోయిన మనిషికి అది చదివితే ఎలా ఉంటుంది?

ఆమెకు వాళ్ళ అత్తగారు మంగతాయారు గుర్తొచ్చింది. తెనాలిలో కాపురానికి వెళ్ళిన వారంలోనే ఆవిడ దండెం కింద నిలబెట్టి చెప్పింది: "లోపలి లంగాలు చీరల చాటున ఆరెయ్యాలమ్మా. వీధిలో వాళ్ళకి కనబడకూడదు. మొగాళ్ళ చొక్కాలు ముందు వరసలో." చక్రధర్ చొక్కాలు వీధి వైపు రెపరెపలాడుతుంటే తన బట్టలు నీడలో మాగిన వాసన వేసేవి. కాలనీ పుస్తకాన్ని మళ్ళీ మొదటినుంచీ తిప్పి చూస్తే ఇంకొక సంగతి బయటపడింది. చెత్త, బట్టలు, వంట, చుట్టాలు, మొక్కలకు నీళ్ళు. ప్రతి నియమమూ ఇంట్లో ఆడమనిషి చేసే పనిమీదే ఉంది. చక్రధర్ తీరు మార్చుకోవలసిన నియమం ఒక్కటీ లేదు. కారు షెడ్డులో పెట్టాలట, అది ఎలాగూ పెడతాడు. అంటే ఇల్లు ఆయన కొంటాడు, రూల్స్ నేను పాటిస్తాను అనుకుంది ఉజ్వల.

చివరి పేజీల్లో అసలుది ఉంది. ఇంటికి ఖాతాదారులు వచ్చిపోయే ఏ వృత్తీ చేయరాదు.

ఉజ్వల కుట్టుమిషన్ పడగ్గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య ఉంటుంది. సెంకాంగ్ నుంచి, టోవా పాయో నుంచి ఆడవాళ్ళు జాకెట్లు పట్టుకుని వస్తారు. పెళ్ళిళ్ళ రోజుల్లో హాల్లో చెప్పులకు చోటుండదు. ఆ మూల కూర్చున్నప్పుడు ఆమెను ఎవరూ కాఫీ అడగరు. నోట్లో గుండుసూదులుంటాయి కాబట్టి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఎవరి మెడకి ఏ కోత నప్పుతుందో చెప్పేటప్పుడు ఆమె గొంతు మారుతుందని దీక్షిత అంటుంది. నిన్న రాత్రి అన్నం వడ్డిస్తూ ఆ నియమం సంగతి చక్రధర్‌తో చెప్పింది. "అలాగా? అది నేను చూళ్ళేదే," అన్నాడు. "ముందు వెళ్దాం, తర్వాత కనుక్కుందాంలే." ఆమె నమ్మింది. నమ్మడం కూడా ఓపికలో భాగమే మరి.

దుప్పటి ఆరేసి వచ్చేసరికి చక్రధర్ ఫోనును ఇంగువ డబ్బాకు ఆనించి బల్లమీద నిలబెట్టాడు. అక్కడ శుక్రవారం సాయంత్రం. ఇల్లమ్మే ఏజెంటుతో కలిసి భువన తమకోసం ఆ ఇల్లు చూపించడానికి ఒప్పుకుంది. దీక్షిత పళ్ళు తోముకుంటూ వచ్చి వెనక నిలబడింది.

తెరమీద ముందు నీలం తలుపు కనబడింది. "ఒక్క నిమిషం, ఇప్పుడే మా ఇంట్లోంచి బయల్దేరుతున్నా. బాబోయ్, బయట పెనం మీద నిలబడ్డట్టుంది," అంటూ భువన నవ్వింది. ఫోను అటూ ఇటూ ఊగింది. ఆ ఊపులో పెరడంతా కనబడింది, ఆ పెరట్లో దండెం. దండెం మీద దుప్పట్లు, తువ్వాళ్ళు, లంగాలు, లోపలి బాడీలు, అన్నీ ముందు వరసలోనే, ఎవరి చాటునా కాకుండా ఎండలో పెళపెళలాడుతున్నాయి. ఉజ్వల ఆ క్షణాన ఆ దండెం తెగి బట్టలన్నీ మట్టిలో పడితే బాగుండుననుకుంది.

రెండు నిమిషాల కారు ప్రయాణం తర్వాత కాలనీ ఇల్లు వచ్చింది. ఇసక రంగు గోడలు, ఇసక రంగు తలుపు, తెల్లటి వంటిల్లు. ఏజెంటు పెద్దావిడ, మర్యాదస్థురాలు. బట్టలు ఆరేసే మిషన్ ఎక్కడుందో ప్రత్యేకంగా చూపించింది. చక్రధర్ ముందుకు వంగి "బ్యూటిఫుల్" అని మూడుసార్లు అన్నాడు. వాళ్ళు వరండాలోకి వచ్చాక భువన ఫోను తన వైపు తిప్పుకుంది. శ్రావణ శుక్రవారం కదా, చీర కట్టుకుంది. ఆవపిండి రంగు జాకెట్టు, చేతులకు ఆకుపచ్చ అంచు. ఆ కుట్టు ఎవరిదో ఉజ్వలకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"గుర్తుపట్టారా ఉజ్వల గారూ? మీరు కుట్టిందే. ఇక్కడ ఎవరికీ ఇలా రాదండీ. మీరొస్తున్నారంటే ఎగిరి గంతేశాను. తీరా మీరు కుట్టడం మానేస్తున్నారటగా!"

"ఎవరన్నారు?" అంది ఉజ్వల.

"చక్రధర్ గారే. రెండు నెలలవుతోందేమో. ఈ కాలనీ అనగానే నేను రూల్స్ చూసి చెప్పాను, ఇక్కడ ఇంట్లో కుట్టుపని ఒప్పుకోరండీ, ముందు ఉజ్వల గారిని అడగండి అని. 'అదంతా టైంపాస్‌లెండి, తనకీ విసుగొచ్చింది, మానేస్తానంటోంది' అన్నారు. నాకెంత బాధేసిందో! మా పక్క స్థలం అమ్మకానికుంది, అక్కడ ఏ రూల్సూ లేవు అని కూడా చెప్పాను. మీకు ఇష్టం లేదన్నారు."

చక్రధర్ ఇంగువ డబ్బా సర్దాడు. "ఏదో మాటవరసకి అన్నాన్లే భువనా," అని నవ్వాడు. దీక్షిత నోట్లో బ్రష్ ఆగిపోయింది.

ఉజ్వల అతని వైపు చూడలేదు. తెరమీద ఆ జాకెట్టునే చూసింది. ఎవరిమీద ఇన్నాళ్ళూ పళ్ళు నూరిందో, ఆ మనిషి ఒక్కతే తన మిషన్ సంగతి అడిగింది. కట్టుకున్నవాడికి ఆ సంగతి చెప్పదగ్గదిగా కూడా తోచలేదు. సిగ్గేసింది. సిగ్గు వెనకే కోపం వచ్చింది. కుళ్ళు మాత్రం పోలేదు, అక్కడే ఉంది. ఇప్పుడు కూడా ఆ దండెం కావాలనే ఉంది, ఆ నీలం తలుపు కావాలనే ఉంది. ఇంతకాలం దాన్ని మొగుడి మీద అనుమానమని పేరు పెట్టుకుని మోసింది. ఆవిడ తన మొగుణ్ణి ఏం చేసుకుంటుంది, పాపం!

ఏజెంటు ఫోను దగ్గరికి వచ్చింది. కాలనీ సంఘానికి దరఖాస్తు పంపేముందు, ఆ ఇంట్లో ఉండబోయే పెద్దవాళ్ళందరూ నియమాలు చదివి ఒప్పుకున్నామని చెప్పాలంది. చక్రధర్ చెప్పేశాడు, ఒక్క పేజీ చదవకుండా. ఆవిడ ఉజ్వల వైపు తిరిగి అదే మాట మెల్లగా అడిగింది, ఈమెకు ఇంగ్లీషు రాదేమోనని.

"చదివాను, మొత్తం. ఒప్పుకోను," అంది ఉజ్వల ఇంగ్లీషులోనే.

చక్రధర్ చటుక్కున ఫోను గొంతు నొక్కేశాడు. "ఏమైంది నీకు? వాళ్ళ ముందు నా పరువు తీస్తావా? ఇది కాకపోతే అక్కడికెళ్ళి ఎక్కడుంటావ్?"

"నా మిషన్ పెట్టుకోనిచ్చే చోట. అది దొరికేదాకా నేనూ దీక్షితా ఇక్కడే ఉంటాం. మీరెళ్ళి ఉద్యోగంలో చేరండి."

"ఫ్లాటు అమ్మకపోతే..."

"ఇది ఇద్దరి పేర్న ఉందండీ. నేను అమ్మను."

పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో కాఫీ తప్ప మరేదీ అతని నోటికి ఎదురుగా వచ్చి నిలబడలేదు. అతను కూతురి వైపు చూశాడు, సాయానికి. దీక్షిత నోట్లో నురగతోనే, "అమ్మ అంది కదా," అని సింక్ దగ్గరికి వెళ్ళిపోయింది. బయట మబ్బేసింది. వెదురుగడ మీద దుప్పటి ఊగుతోంది. ఇంకెప్పుడైనా అయితే, దుప్పటి తియ్యడానికి ఉజ్వల పరుగెత్తేది. ఆ పూట పరుగెత్తలేదు.

ఆమె ఫోను తన వైపు లాక్కుని, చక్రధర్ నొక్కిన గుర్తును మళ్ళీ నొక్కింది. అవతల భువన కంగారుగా చూస్తోంది, తన మాటవల్ల ఏదో అయిందని. ఆ జాకెట్టు చంక దగ్గర కొంచెం బిగిసింది. మూడేళ్ళంటే మరి అంతే.

"భువన గారూ," అంది ఉజ్వల, టేపు మెడలో ఉన్నప్పుడు వచ్చే ఆ గొంతుతో. "మీ కొలతలు కాస్త మారినట్టున్నాయి, కొత్తవి పంపండి. అలాగే మీ పక్క స్థలం ఒకసారి నాకు చూపించండి, నాకు."