ఊ కొట్టినవాడు

"జిగి కొడుకు నాన్సా" అన్నాను.

మూడే మాటలు. ముంగిట్లో వందమంది ఒక్కసారిగా కదలడం మానేశారు. పెద్దాయన మొరిబా దాన్సొకో నములుతున్న కోలా గింజను అరచేతిలోకి ఉమ్మేసి నా వైపు చూశాడు.

నాన్సా దాన్సొకోల మూలపురుషుడు. అతని తండ్రి సెగాబా, గుర్రపు దళాలు నడిపిన రాజు. జిగి ఆ సెగాబా గుర్రం కళ్ళెం పట్టుకున్న బానిస. మనవడికి పేరు పెడుతున్న పొద్దుటి పూట, ఆ ఇంటి ముంగిట్లోనే కూర్చుని, వాళ్ళ రక్తం బానిస రక్తమని నేను ప్రకటించాను. నేను జేలీని. వంశాలను నోట మోయడమే మా పని. మా నోట వచ్చిన మాట వెనక్కి పోదు.

ముందుగా నోరు తెరిచింది దియారా వంశపు ముసలమ్మ. దియారాలు దాన్సొకోలను ఎంత తిట్టినా వీళ్ళు కోపం తెచ్చుకోకూడదు, అది తాతల నాటి ఒప్పందం.

"ఏమయ్యా దాన్సొకో! ఇన్నాళ్ళకి నిజం బయటపడిందన్నమాట! అలసందలు మేసే కొంపలో రాజెలా పుడతాడని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా!"

కొందరు నవ్వారు. మొరిబా నవ్వలేదు.

నా తమ్ముడు మాకాన్ వంగి నేలకు చెయ్యి ఆనించాడు. "అయ్యా, మన్నించండి. మా అక్కకి ఒంట్లో బాగుండట్లేదు. మీకు చెప్పకపోవడం మా తప్పు." లేచి నిలబడి, నేను వదిలేసిన చోట అందుకున్నాడు. సెగాబా కొడుకు నాన్సా, నాన్సా కొడుకు ఫిలి. చివరి తరం దాకా ఎక్కడా తడబడలేదు.

ఇరవై ఏళ్ళుగా మాకాన్ నా పక్కన ఊ కొట్టేవాడు. నేనొక మాట అంటే "నాము" అంటాడు. ఔను, నిజం అని. ఆ నాము లేకుండా మాలో ఎవరూ వంశం చెప్పరు. ఊ కొట్టేవాడు ఆగిపోతే, చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని అర్థం.

*

ఏడాదిన్నర క్రితం కరోనా వచ్చింది. పదకొండు రోజులు రాజధాని బమాకోలో ఆక్సిజన్ మీద ఉన్నాను. ఇంటికొచ్చాక అందరూ "పోయింది కదా, ఇంకేం" అన్నారు. అది టీవీలో పుట్టిన జబ్బని నవ్వినవాళ్ళూ ఉన్నారు. కానీ అది పోలేదు. బావి దాకా నడిస్తే గుండె రోకటి పోట్లలా కొట్టుకునేది. ఒంటికి కరిటె గింజల వెన్న రాసుకుంటే కాలిన రబ్బరు వాసన. ఒక గంట పాడితే రెండు రోజులు మంచం దిగలేకపోయేదాన్ని. అన్నిటికన్నా ఘోరం, మాటలు మాయమవడం. నలభై తరాలు తలలో మోసేదాన్ని, ఉప్పు డబ్బాని ఏమంటారో తోచక దాని ముందు నిలబడిపోయేదాన్ని.

జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ సామాకె మాత్రం నవ్వలేదు. కూర్చుని వంట చెయ్యమంది. పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి నెమ్మదిగా వదలమంది. వేలికి తగిలించుకునే చిన్న యంత్రం ఇచ్చి, గుండె నూటపది దాటితే చేస్తున్న పని ఏదైనా సరే ఆపేసి పడుకోమంది.

"అలిసిపోయాక ఆగడం కాదమ్మా. అలసట రాకముందే ఆగాలి. బాగుపడతావు, కానీ మొండికేస్తే వెనక్కి పోతావు."

ఈ సంగతి డాక్టరు కాక ఇంకొక్కడికే తెలుసు. మాకాన్‌కి. మా అన్నయ్య ఫజాలాకి చెప్పలేదు. ఫజాలా మా నాన్న రెండో భార్య కొడుకు; నేనూ మాకానూ ఒక తల్లి పిల్లలం. తండ్రి ఒకడై తల్లులు వేరైన పిల్లలు ఒకరి కుర్చీ కోసం ఒకరు కాచుకుని ఉంటారు, తల్లి ఒకతే అయినవాళ్ళు ప్రాణమిస్తారు. ఇది మాకు ఉగ్గుపాలతో పోసే పాఠం. అందుకే ఫజాలా వీణ వాయిస్తూ నా ఎడమ పక్కనే కూర్చున్నా, నా వణుకు అతని కంట పడకుండా జాగ్రత్తపడ్డాను.

జబ్బులో నన్ను చూసింది మాకానే. జొన్న జావ కాచి చెంచాతో పట్టేవాడు. దొడ్లోకి మోసుకెళ్ళేవాడు. ఉపాయం కనిపెట్టిందీ వాడే. పేరు తోచకపోతే నేను గొంతు సాగదీసి చెయ్యి మోకాలి మీద పెట్టాలి. వాడు పైకి "నాము" అంటూ, కిందిగొంతుతో పేరు అందిస్తాడు. జనానికి నాము ఒక్కటే వినిపిస్తుంది. పది నెలలు అలా గడిచాయి. ఎవరికీ తెలియలేదు.

నామకరణం నుంచి ఇంటికొచ్చాక వాడి చెయ్యి పట్టుకుని అడిగాను.

"నువ్వేం అందించావురా?"

"సెగాబా అన్నానక్కా."

"మరి నేను..."

"నువ్వు జిగి అన్నావు." వాడి కళ్ళల్లో నీళ్ళు. "నీ తప్పు కాదు. నీ బుర్ర అలిసిపోయింది."

నమ్మాను. ఉప్పు డబ్బా ముందు నిలబడిపోయిన బుర్రను నేను మాత్రం ఎందుకు నమ్మాలి?

మరో మూడు వారాల్లో దాన్సొకోల ఊరు బాంకోరోలో మొరిబాని ఊరి పెద్దగా కూర్చోబెడతారు. చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు వస్తాయి. ఆ రోజు వంశం చెప్పిన జేలీయే ఇక బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటి నోరు. మా నాన్న తర్వాత ఆ స్థానం నాది. మొరిబా కబురు పంపాడు: "చెప్పేది మాకాన్." ఆ స్థానానికి గుర్తయిన నాన్న చేతికర్రను నేనే తీసి వాడి చేతిలో పెట్టాను.

*

పదిరోజుల తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గుండె నెమ్మదించింది, బావి దాకా ఆగకుండా నడుస్తున్నాను అని చెప్పాను. తర్వాత ఏడ్చాను. జరిగింది చెప్పాను.

సామాకె కాగితం మీద రాస్తున్నదల్లా కలం ఆపింది.

"ఈ ఏడాదిన్నరలో నీకు మాట దొరక్కపోవడమేనా, ఒకదానికి బదులు ఇంకోటి రావడం కూడా ఉందా?"

ఆలోచించాను. "దొరక్కపోవడమే. ఖాళీ. గోడలా ఖాళీ."

"ఆ రోజు ఖాళీ లేదా?"

"ఉంది. చెయ్యి మోకాలి మీద పెట్టాను. తర్వాత..."

తర్వాత ఏమైందో నాకు గుర్తులేదు. ఆమె ఇంకేం అడగలేదు. నేనే ఇంటి దారంతా ఆ ఖాళీ చుట్టూ తిరిగాను.

ఆ సాయంత్రం ఫజాలా గుమ్మంలో నిలబడ్డాడు. అతను మా ఇంటికి రావడం మూడేళ్ళలో అదే మొదలు.

"విషం తెచ్చావా, అన్నయ్యా?" అన్నాను.

"నీకు విషం దండగ. నాలుగడుగులు పరిగెత్తిస్తే చస్తావని ఊరంతా అనుకుంటోంది." లోపలికొచ్చి పీట లాక్కున్నాడు. "జబ్బని నాకొక్క మాట చెప్పలేకపోయావా? పక్కన కూర్చుని తీగ మీటుతున్నవాణ్ణి, నువ్వెప్పుడు ఊపిరికి తన్నుకుంటున్నావో నాకు తెలియదా? ఏడాదిగా నీ కోసమే తాళం నెమ్మది చేస్తున్నా, వెర్రిదానా!"

 

ఫోను తీశాడు. "నా వాయింపులో తప్పులు పట్టుకోవడానికి ప్రతిసారీ ఫోను వీణ కిందే పెట్టి రికార్డు చేస్తాను. ఇది విను. నేను నాలుగుసార్లు విన్నా. నాకు పిచ్చెక్కిందేమో నువ్వు చెప్పు."

నా గొంతు సాగింది. తీగ ఒకటి మోగింది. మాకాన్ "నాము" అన్నాడు. దాని కిందే, మెత్తగా, పసిబిడ్డను నిద్రలేపినంత మెత్తగా: "జిగి."

తర్వాత నా గొంతు.

"మళ్ళీ పెట్టు."

పెట్టాడు. జిగి. మూడోసారీ జిగే.

ఇన్నాళ్ళూ నా బుర్రే నన్ను అమ్మేసిందని ఏడ్చాను. అది అమాయకురాలు. అందించింది పుచ్చుకుంది, అంతే. నన్ను అమ్మినవాడు నాకు జావ పట్టినవాడు.

"బాంకోరోలో పన్నెండు ఊళ్ళ ముందు ఇది వినిపిద్దాం" అన్నాడు ఫజాలా.

"ఫోన్లో ఎవరి గొంతైనా తయారు చేయొచ్చంటారు ఇప్పుడు. పైగా తెచ్చింది నువ్వు. సవతి కొడుకు కుట్ర అంటారు."

"మరి?"

వేలికి యంత్రం తగిలించుకుని చూశాను. నూటపద్దెనిమిది. మంచం మీద వాలి, ఊపిరి నెమ్మదిగా వదిలాను. నూటరెండుకి దిగాక చెప్పాను.

"వాడికి ఊ కొట్టేదాన్ని నేనవుతాను."

*

మాకాన్‌ని అడిగినప్పుడు వాడి మొహం పాలిపోయింది.

"నీకెందుకక్కా శ్రమ? మా ఆవిడ ఊ కొడుతుందిలే."

"ఇరవై ఏళ్ళు నువ్వు నాకు కొట్టావు. ఒక్కరోజు నేను కొట్టకూడదా? కూర్చుని ఒక్క మాట అనడమేగా. డాక్టరు కూడా సరేనంది."

కాదనడానికి వాడికి కారణం దొరకలేదు. అక్క అడిగితే ఏ తమ్ముడు కాదంటాడు?

ఆ వేడుకకు ముందు నాలుగు రోజులూ నేను ఏ పనీ చేయలేదు. వంట ఫజాలా పెళ్ళాం పంపింది. ఒంట్లో ఉన్న ఓపికంతా ఆ ఒక్క పొద్దుటికి దాచుకున్నాను.

బాంకోరోలో చాపల మీద పన్నెండు ఊళ్ళు కూర్చున్నాయి. మాకాన్ నాన్న చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. గొంతు బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. "గుర్రాలు నీళ్ళు తాగిన నది ఇదే" అన్నాడు. "నాము" అన్నాను. "కోట కట్టినవాడు సెగాబా." "నాము."

"సెగాబా కొడుకు నాన్సా!"

నేను నోరు మూసుకున్నాను.

వీణ ఒక చుట్టు తిరిగి వచ్చింది. వాడు మళ్ళీ అన్నాడు, ఇంకా గట్టిగా. నేను పలకలేదు. మూడో చుట్టుకి ఫజాలా తీగల మీద అరచెయ్యి పెట్టి మోత ఆపేశాడు. జనంలో గుసగుస లేచింది.

"నాము ఏదీ?" అన్నాడు మొరిబా. "నాన్సా సెగాబా కొడుకు కాదంటున్నావా?"

"కాదనట్లేదయ్యా, సెగాబా కొడుకే. కానీ నామకరణం రోజున వంశంలో ఇదే చోట నా తమ్ముడు నాకు అందించిన పేరు వేరు. అదేమిటో వాడే చెప్పాలి. చెబితే ఊ కొడతాను."

మాకాన్ క్షణం కూడా ఆలోచించలేదు. జనం వైపు తిరిగి చేతులు చాచాడు, గొంతు నిండా జాలి.

"చూశారుగా? మా అక్కకి మతి చలించింది. కరోనా తినేసింది. ఎవరైనా కాస్త లోపలికి తీసుకెళ్ళి పడుకోబెట్టండి."

మొదటిసారి ఎవరూ చూడకుండా అమ్మాడు. ఇప్పుడు పన్నెండు ఊళ్ళ ముందు. ఇద్దరాడవాళ్ళు లేచి నా వైపు వచ్చారు. వాళ్ళు నా భుజం పట్టుకుంటే నా పని అయిపోయినట్టే. లోపలికి మోసుకెళ్ళిన జేలీ మాట ఇక ఎవరూ వినరు.

"నాన్సా కొడుకు ఫిలి" అన్నాను, కూర్చునే. "ఫిలి కొడుకు మొక్తార్. మొక్తార్ కొడుకులు ముగ్గురు."

ఆడవాళ్ళు ఆగారు. ఫజాలా తీగ మీటాడు, చాలా నెమ్మదిగా. "నాము" అన్నదీ అతనే.

ఏడు తరాలు చెప్పాను. గుండె చెవుల్లో వినిపిస్తోంది. ఎనిమిదో తరం దగ్గర గోడ వచ్చింది. ఖాళీ. చెయ్యి అలవాటుగా మోకాలి వైపు పోబోయింది. ఆపుకున్నాను.

"ఆగండి" అన్నాను పైకి. "నాకు జబ్బుంది. కరోనా పోయినా అది మిగిల్చిపోయిన జబ్బు. ఈ పేరు ఇప్పుడు అందట్లేదు. వచ్చేదాకా చెప్పను."

జేలీ అలా అనడం అక్కడెవరూ వినలేదు. నేనూ అనలేదు ఎప్పుడూ. కళ్ళు మూసుకుని పెదాలు చుట్టి ఊపిరి వదిలాను. ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. ఎవరో పిల్ల దగ్గింది. మాకాన్ ఏదో అనబోతే మొరిబా చెయ్యెత్తాడు.

"దుగా" అన్నాను. "ఎనిమిదోవాడు దుగా."

"నాము" అన్నది మొరిబా. తన వంశానికి తానే ఊ కొట్టాడు. తర్వాత మాకాన్ వైపు తిరిగాడు.

"పేరు తోచకపోతే ఈమె ఆగుతుంది. ఇప్పుడు అందరం చూశాం. ఆ రోజు ఎందుకు ఆగలేదు?"



"అందించినవాడు ఉన్నాడు కాబట్టి" అన్నాను.

మాకాన్ నా వైపు చూశాడు. జాలి పోయింది. దాని కింద ఉన్నది నేనెప్పుడూ చూడనిది.

"ఇరవై ఏళ్ళక్కా" అన్నాడు. "ఇరవై ఏళ్ళు ఔను, నిజం, ఔను, నిజం. నువ్వు చావుబతుకుల్లో ఉన్నప్పుడైనా నా వంతు వస్తుందనుకున్నా. జావ పోసి నేనే బతికించుకున్నా."

చేతికర్ర నేల మీద పెట్టి జనం మధ్యలోంచి వెళ్ళిపోయాడు. వాళ్ళు దారిచ్చారు. ఒక్కరూ వాడి మొహం చూడలేదు.

మిగతా వంశం మూడు రోజులు చెప్పాను, పూటకు అరగంట చొప్పున, కూర్చునే. మొరిబాయే అలా ఒప్పుకున్నాడు. "రాజులు నలభైమంది చచ్చే ఉన్నారు, తొందరేం లేదు వాళ్ళకి" అన్నాడు.

ఇంటికొచ్చాక జబ్బు తన బాకీ వసూలు చేసుకుంది. నాలుగు రోజులు తల ఎత్తలేకపోయాను. అయిదో రోజు పొద్దున గుమ్మం దగ్గర మాకాన్ గొంతు వినిపించింది.

"అక్కా. ఒక్క మాట. ఒక్కటే చెప్పి వెళ్ళిపోతా."

యంత్రం చూసుకున్నాను. ఆ పూటకి నా ఒంట్లో ఒక్క పనికే ఓపిక ఉంది. వాడి మాట వినొచ్చు, లేకపోతే స్నానం చేయొచ్చు.

నీళ్ళు తోడమని ఫజాలా పెళ్ళానికి చెప్పాను.