శనివారం వచ్చే కారు

పెర్కిట్‌లో హైవే పక్కనున్న ప్రభుదాస్ షెడ్డు ముందుకు ఆ తెల్లకారు మళ్ళీ వచ్చింది. వచ్చి ఆగింది అనడానికి కూడా లేదు. చలిజ్వరం పట్టినట్టు ఒళ్ళంతా వణికి, ఖళ్ళుఖళ్ళున దగ్గి, ఉన్నట్టుండి ప్రాణం వదిలేసింది. ప్రభుదాస్ చేతిలోని టీగ్లాసును బల్ల మీద పెట్టేశాడు. ఇక ఆ టీ వేడిగా తాగే యోగం తనకు లేదని అతనికి తెలిసిపోయింది.

కారులోంచి గంగాదాస్ దిగి తలుపు ధడాలున వేశాడు. అతను వేల్పూర్ రైతు. పసుపు, మక్కజొన్న పండిస్తాడు. ప్రభుదాస్‌కు చిన్నప్పటి నుంచీ తెలిసినవాడు.

"లైటు మల్ల ఎలిగింది" అన్నాడు.

"మల్లనా?"

"మల్లనే. వారమంత మంచిగుంటది. శనివారం వచ్చిందంటె సాలు, నీ మొఖం చూడందే దానికి పొద్దుపోదు."

ఆ లైటంటే ప్రభుదాస్‌కు ఒళ్ళుమంట. స్పీడు మీటరు పక్కన ఇంజిను బొమ్మతో పసుపుపచ్చగా వెలుగుతుంది. అలిగిన కొత్తల్లుడి వరస దానిది. కోపం వచ్చిందని తెలుస్తుంది గానీ ఎందుకొచ్చిందో ఎంత బతిమాలినా చెప్పదు. పాత జీపులకు ఈ గొడవ లేదు. కార్బురేటరు విప్పి కడిగి, స్క్రూ కాస్త అటూ ఇటూ తిప్పితే దారికొచ్చేవి. ఈ కార్లకు లోపల కంప్యూటరు పెట్టి చంపుతున్నారు.

కానీ వదిలేద్దామంటే కుదరదు. జీపుల కాలం అయిపోయింది. ఆర్మూర్‌లో ఎవరు కొన్నా, పాతవి కొన్నా సరే, కంప్యూటరు కార్లే కొంటున్నారు. "ప్రభుదాస్‌కు గవి రావు" అని అందరూ అనుకునే రోజుల్లో, తన కారును నమ్మి అతని చేతిలో పెట్టిన మొదటి మనిషి గంగాదాస్. ఈ కారు బాగైతే ఇంకో నాలుగు వస్తాయి. కాకపోతే షెడ్డుకు తాళమేసి, ఎవడి షెడ్డులోనో కూలికి పానా పట్టుకొని నిలబడాలి.

అందుకే అన్నీ చేశాడు. మొదట ప్లగ్గులు మార్చాడు. తరువాత గాలి ఫిల్టరు విప్పితే అందులోంచి పిడికెడు పసుపు రాలింది. అప్పుడు అందరికీ సంతోషమైంది. పసుపు సీజనులో ఆర్మూర్ చుట్టుపక్కల దగ్గొచ్చినా, ఫ్యాను ఆగినా, టీవీలో బొమ్మ పోయినా నేరం పసుపు దుమ్ముదే. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ముల్ని డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడుతుంటే ఊరంతా పచ్చటి మబ్బు కమ్ముతుంది. గంగాదాస్ తన కారును సరిగ్గా ఆ డ్రమ్ము పక్కనే నిలబెడతాడు. ఫిల్టరు మార్చి, కారును అవతల నిలుపుకోమని చెప్పి పంపాడు. ఆ శనివారమే కారు తిరిగొచ్చింది.

ఆ తరువాత స్టీరింగు కింద కంప్యూటరు సాకెట్టులోని రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపి, లైటు మినుకుమినుకుమనే లెక్కను బట్టి రోగం కనిపెట్టాడు. ఇంజినుకు గాలి ఎంత పోతోందో కంప్యూటరుకు చెప్పే చిన్న సెన్సారు ఒకటుంటుంది. అది తప్పుడు కబుర్లు చెబుతోంది. నిజామాబాద్ పోయి కొత్తది తెచ్చి బిగించాడు. ఇంజిను పిల్లిలా గుర్రుమంది. ప్రభుదాస్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. ఆ హాయి కూడా శనివారం దాకానే.

ఇప్పుడు మళ్ళీ బానెట్ ఎత్తాడు. లోపలంతా పసుపు. పసుపు లేని ఇంజిను ఈ సీజనులో ఈ తాలూకాలో ఉండదు కాబట్టి దాన్ని పట్టించుకోలేదు. కొత్త సెన్సారుకు తగిలించిన వైరు క్లిప్పు ఊడదీసి చూసి నోరు తెరిచాడు. లోపలి పిన్నులకు ఆకుపచ్చ చిలుము పట్టింది. క్లిప్పు చుట్టూ జిగటగా ఏదో ఉంది. వైరు వెంబడి చీమలు బారు కట్టి నడుస్తున్నాయి.

"ఇంజను కడుగుతున్నవా గంగన్నా?"

"మతి ఉండే మాట్లాడుతున్నవా? బోరు నీళ్లు మక్కకే సాలుతలెవ్వు. ఇంజనుకు తానం పోస్తనా?"

"మరి సాయ గిట్ల ఒలికిందా?"

"బానెట్ ఎత్తి సాయ తాగుతరా ఎవలన్న?" గంగాదాస్‌కు నిజంగానే కోపమొచ్చింది. "చూడు ప్రభూ. మార్కెట్ల అందరు అడుగుతున్నరు, యాడ చేపిస్తున్నవని. నీ పేరు చెప్పాల్నంటె నాకే సిగ్గైతున్నది. ఇంకొక్కసారి ఆగిందనుకో, నిజామాబాద్ షోరూముకు తోలుకపోత. ఏమనుకోకు."

అనుకోకుండా ఎలా ఉంటాడు ప్రభుదాస్? క్లిప్పు శుభ్రం చేసి కారు పంపేశాడు. పంపేశాక ఆలోచించాడు. శనివారం రోగం బయటపడుతోందంటే, శుక్రవారం ఏదో జరుగుతున్నట్టే కదా?

శుక్రవారం పొద్దున్నే బండి మీద వేల్పూర్ పోయాడు. గంగాదాస్ ట్రాక్టరులో పసుపు బస్తాలతో మార్కెట్టుకు వెళ్ళిపోయాడు. వాకిట్లో కారు బానెట్ ఎత్తి ఉంది. దొంగలేమోనని ప్రభుదాస్ బండి స్టాండు కూడా వేయకుండా గోడకు ఆనించి పరుగెత్తాడు.

దొంగ కాదు. కమలవ్వ. గంగాదాస్ తల్లి. కొంగు నడుముకు చెక్కి, గిన్నెలో తడిపిన పసుపు తీసి ఇంజినుకు పూస్తోంది. పసిపిల్లకు నలుగు పెట్టినంత ముద్దుగా, మూలమూలకూ వేళ్ళు పోనిచ్చి మరీ పూస్తోంది. కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ రాయి మీద ఠక్కున కొట్టి, నీళ్ళు ఒక్క చుక్క వృథా కాకుండా ఇంజిను మీద ధారగా పోసింది. ఆ ధార సరిగ్గా ఆ క్లిప్పు నెత్తినే పడింది.

ప్రభుదాస్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తను వారాల తరబడి జుట్టు పీక్కుంటున్న రోగం కళ్ళెదుట కొబ్బరిచిప్ప పట్టుకొని నిలబడి ఉంది.

"ఎవలూ? ప్రభువా? రార బిడ్డా" అంది కమలవ్వ తిరిగి చూసి. "మంచి యాళ్లకు వచ్చినవు. గంగనికి చెప్పకు. బయట పసుపు పెడితె తెల్లకారు మీద మరకలైతయని లొల్లి చేస్తడు. అందుకే లోపట పెడుతున్న. దాని పానం ఉండేది లోపటనే గద? మూత లేపుడు నిన్ను చూసే నేర్సుకున్న."

"ప్రతి శుక్రవారం చేస్తున్నవా పెద్దవ్వా?"

"మరి? గంగడు గా హైవే మీద పోయి వచ్చేదాంక నాకు బువ్వ పోదు. లారీలు ఎట్ల వస్తున్నయి! ఎంత చేసినా శనివారం ఆగుతనే ఉన్నది. ఎవల దిష్టి తాకిందో. వచ్చే వారం రెండు కాయలు కొడుత."

చెప్పాల్సిన మాట ప్రభుదాస్ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే తను ప్రతి ఆదివారం చర్చికి పోయే మనిషి. ఇంకెవరైనా అయితే "అవ్వా, నీళ్లు పోయకు" అని చెప్పి చేతులు దులుపుకునేవాళ్ళు. తను చెబితే అది నీళ్ళ సంగతిగా ఉంటుందా? కమలవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, తలూపి, వచ్చేశాడు.

ఇంటికొచ్చి భార్య లిదియాకు చెప్పాడు. ఆమె కూర కోస్తున్న కత్తి ఆపేసింది.

"చెప్పినవా?"

"చెప్పలే."

"మంచి పని చేసినవు. మనకెందుకు? రేపు ఎవలన్న, చర్చికి పోయెటోడు కమలవ్వ పూజ బందు పెట్టిచ్చిండు అంటె?"

"పూజ బందు పెట్టుమంటలేనే. సెన్సారు మీద నీళ్లు పోయకుమంట."

"నువ్వనేది ఒకటి, ఊరు వినేది ఒకటి."

ఆ మాట కాదనలేకపోయాడు ప్రభుదాస్. కమలవ్వ చేతి అన్నం తిని పెరిగినవాడు. అతని తల్లి ఆశమ్మ గంగాదాస్ వాళ్ళ చేన్లో పసుపు తవ్వే రోజుల్లో, కమలవ్వ గట్టు మీద కూర్చోబెట్టి ముందు అతనికే పెట్టేది. అలాంటి ఇంట్లో మాట పడటం అతనికి ఇష్టం లేదు. అందుకని ఒక తెలివైన ఉపాయం ఆలోచించాడు. మరునాడు కారు రాగానే ఎప్పటిలాగే క్లిప్పు శుభ్రం చేసి, పాత ట్యూబు ముక్క కోసి, దాని చుట్టూ గట్టిగా చుట్టి కట్టేశాడు. ఇక ఎన్ని కాయలైనా కొట్టుకో పెద్దవ్వా అనుకున్నాడు.

"ఏమైండె?" అని గంగాదాస్ అడిగాడు.

"లూజ్ కనెక్షను" అన్నాడు కళ్ళు తిప్పుకొని. "గీ ఒక్కసారి నమ్ము గంగన్నా."

గంగాదాస్ నమ్మాడు. తరువాతి శనివారం మధ్యాహ్నం హైవే మీద లారీ హారను చెవులు చిల్లులు పడేలా మోగింది. ప్రభుదాస్ షెడ్డులోంచి బయటికి ఉరికాడు. పెర్కిట్ మలుపులో, నడిరోడ్డు మీద తెల్లకారు చచ్చి పడి ఉంది. దాని వెనక జానెడు దూరంలో లారీ ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. వెనక సీట్లో కమలవ్వ రెండు చేతులతో ముందు సీటును పట్టుకొని కూర్చుంది. నలుగురు పట్టి కారును షెడ్డు దాకా నెట్టారు.

"అయిపాయె" అన్నాడు గంగాదాస్. "పానాలు పోతుండె. ఇగ నువ్వు దీని మీద చెయ్యి పెట్టకు ప్రభూ. సోమవారం నిజామాబాద్ తోలుకపోత."

ప్రభుదాస్ వినిపించుకోకుండా బానెట్ ఎత్తాడు. తను చుట్టిన ట్యూబు ముక్కను విప్పాడు. లోపలి నుంచి పసుపునీళ్ళు బొటబొటా కారాయి. పైనుంచి జారిన నీళ్ళు బయటికి పోయే దారి లేక దానిలోనే నిలిచిపోయాయి. మామూలుగా అయితే కాస్త ఆరేవి. ఉపాయం పన్ని ఆరకుండా చేసింది తనే. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

కమలవ్వ మెల్లగా దిగి వచ్చి బల్ల మీద కూర్చుంది. ప్రభుదాస్ ఆమె ముందు నిలబడి, తెరిచిన బానెట్ లోపలి క్లిప్పును చూపించాడు.

"పెద్దవ్వా, నువ్వు పోసే కొబ్బరినీళ్లు గీడికి వస్తున్నయి. గిది తడిస్తె ఇంజను ఆగుతది. వారం వారం అయ్యేది గిదే."

గంగాదాస్ ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. తరువాత తల్లి మీదికి లేచాడు. "ఏందవ్వా? ఇంజనుల కొబ్బరికాయలు కొడుతున్నవా? నీకేమన్న..."

"నువ్వు ఊకో" అంది కమలవ్వ. కొడుకు వైపు చూడను కూడా లేదు. "ప్రభూ, నువ్వు మొన్న వచ్చి కండ్లార చూసినవు గద. గప్పుడే ఎందుకు చెప్పలే?"

ప్రభుదాస్ చేతిలోని తడిసిన ట్యూబు ముక్కను నలిపాడు. "మేము చర్చికి పోయేటోళ్లం. పూజను తప్పు పడుతున్నడని ఏమన్న అనుకుంటవని..."

ముసలామె అతని ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో కోపమో బాధో తెలియలేదు గానీ, ఆ చూపుకు ప్రభుదాస్ తల వంచుకున్నాడు.

"నా కొడుకు లారీ కింద పడుతుండె" అంది. "నేనేమన్న అనుకుంటనని నోరు మూసుకున్నవా? నా చేతి బువ్వ తిన్నవు. నన్ను గింతనే ఎరుకవట్టినవార?"

లారీ డ్రైవరు తిట్లన్నీ కలిపినా ఆ ఒక్క మాటంత గట్టిగా తగల్లేదు. ప్రభుదాస్ పాత బనియను గుడ్డ తీసుకొని క్లిప్పు తుడవడం మొదలుపెట్టాడు. చిలుము గీకాడు. ఎండలో పెట్టి పూర్తిగా ఆరనిచ్చాడు. గంగాదాస్ రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు గానీ, ఇక చెయ్యి పెట్టొద్దని మాత్రం అనలేదు. బ్యాటరీ వైరు తీసి మళ్ళీ తగిలించి తాళం తిప్పితే, లైటు ఒకసారి వెలిగి బుద్ధిగా ఆరిపోయింది.

"మరి బొట్టు యాడ పెట్టాలె?" అంది కమలవ్వ.

"బంపరు మీద, టైర్లకు పెట్టు. కాయ నేల మీద కొట్టు. బానెట్ లోపటికి మాత్రం చెయ్యి పోనియ్యకు."

"అవ్వా, తెల్లకారు..." అని గంగాదాస్ నసిగాడు.

"మరకలే గద" అంది కమలవ్వ. గంగాదాస్ సోమవారం నిజామాబాద్ పోలేదు.

తరువాతి శనివారం ప్రభుదాస్ టీగ్లాసు పట్టుకొని షెడ్డు ముందు కూర్చున్నాడు. తాగుతున్నాడన్న మాటే గానీ కళ్ళు వేల్పూర్ నుంచి వచ్చే దారి మీదే ఉన్నాయి. పొద్దెక్కింది. రాలేదు. హమ్మయ్య అనుకొని రెండో గుక్క తాగబోతుండగా తెల్లకారు మలుపు తిరిగింది. అతని ప్రాణం ఉసూరుమంది. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

కారు నెమ్మదిగా వచ్చి ఆగింది. వణకలేదు, దగ్గలేదు. ఇంజిను నడుస్తూనే ఉంది. బంపరు మీద పెద్ద పసుపు మరక, మధ్యలో కుంకుమ బొట్టు. గంగాదాస్ స్టీరింగు వెనక నుంచి చెయ్యి ఊపాడు. వెనక తలుపు తీసుకొని కమలవ్వ దిగింది. ఆమె చేతిలో పీచు తీయని కొబ్బరికాయ ఉంది.

"లైటు ఎలిగిందా?" అని ఆత్రంగా అడిగాడు ప్రభుదాస్.

"ఏ లైటు లేదు. గిది మీ ఇంటికి తెచ్చిన." కాయ ముందుకు చాచింది కానీ ఇంకా అతని చేతిలో పెట్టలేదు. "దేవునికి పెట్టలే. పెట్టింది మీరు తింటరో తినరో నాకు తెల్వది. ఇన్నేండ్లాయె, ఎన్నడు అడగనే లేదు. తింటరా?"

ఎప్పటిలాగే ఏదో ఒకటి చెప్పి దాటేద్దామని ప్రభుదాస్ నోరు తెరిచాడు. మూశాడు.

"పెట్టింది తినం పెద్దవ్వా" అన్నాడు.

"మంచిది" అంది కమలవ్వ. కాయ అతని చేతిలో పెట్టి, కారు వైపు నడిచింది. ఇంజిను సవ్వడి ఒక్కచోట కూడా తడబడలేదు. ప్రభుదాస్ చల్లారిన టీని అలాగే తాగేశాడు.