ఖాళీ చేతుల అమ్మ

పొద్దున్నే వంటింటి కిటికీలోంచి ఎండ పడగానే గోడ మీదికి అమ్మ నీడ వచ్చేది. భుజాన పసిపాపను వేసుకుని జోకొడుతూ పొయ్యి పక్కన అటూ ఇటూ తిరిగేది. మనిషి పోయి ఏడేళ్ళయింది. నీడ మాత్రం, మబ్బు పట్టిన రోజులు తప్ప, ఒక్క పూట నాగా పెట్టలేదు.

కిటికీలకు గాజుపని చేసే నాన్న ఆ గోడకు రంగు వేయించలేదు, మేకు కొట్టలేదు. ఎదురింటి కుట్టుపని పెద్దమ్మ చక్కెర బదులడగడానికి వస్తే "ఏమ్మా, బాగున్నావా?" అని గోడను పలకరించి మరీ వెళ్ళేది. జవాబు రాదనుకోండి. అయినా పెద్దమ్మ ఎవరినీ జవాబు చెప్పనిచ్చే మనిషి కాదు.

కూతురు పిచ్చుకకు మాత్రం ఆ గోడతో పేచీ. నీడ భుజం మీది పాప తనే. తను పాకి, నడిచి, ముందుపన్ను కూడా ఊడగొట్టుకుంది. గోడ మీది అమ్మ ఇంకా ఆ పసిగుడ్డునే మోస్తోంది. బడికి వెళ్ళేముందు పిచ్చుక గోడకు ఆనుకుని నిలబడేది. నీడ ఆమె మీదుగా దాటుకుని పోయేది.

"నాన్నా, అమ్మ నన్ను చూడదేం?"

"చూస్తుందిలే, ముందు పాలు తాగు" అనేవాడు నాన్న, గోడ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆ ఏడాది వీధి చివరి గ్రంథాలయానికి రంగు గాజుపలకల కిటికీ పెట్టాలనుకున్నారు. బొమ్మలు బడిపిల్లలవి, పని నాన్నది. బడి వదిలాక మిమ్మల్ని ఇంటికి ఎవరు తీసుకెళ్ళాలని ఉందో వాళ్ళను గీయండి అంది టీచరమ్మ. గీసింది గీసినట్టే కిటికీలోకి రావాలనీ, పెద్దవాళ్ళు చెయ్యి పెట్టకూడదనీ గట్టిగా చెప్పింది. ఒకడు బస్సు డ్రైవరును బస్సు కంటే పెద్దగా వేశాడు. ఇంకో అమ్మాయి చేతికర్రను కూడా కలుపుకుని అమ్మమ్మకు మూడు కాళ్ళు పెట్టింది.

పిచ్చుక వంటింటి గోడకు కాగితం అంటించి, నీడ చుట్టూ బొగ్గుతో గీసింది. పాపను మాత్రం వదిలేసింది. రెండు చేతులూ ఖాళీగా ముందుకు చాచి ఉన్నాయి. లోపలంతా నలుపు నింపేసింది.

నాన్న ఆ కాగితం పనిబల్ల మీద పరుచుకుని చాలాసేపు చూశాడు.

"నలుపు పెడితే వెలుతురు రాదు తల్లీ. అక్కడ గోడ కట్టినట్టే. రంగులు చెప్పు."

"నేనెప్పుడు చూశాను? నువ్వే చెప్పు. అమ్మ కళ్ళు ఏ రంగు?"

నాన్న ఆ బొగ్గు మొహంలో కళ్ళుండాల్సిన చోట వేలు పెట్టాడు. రోజూ చూస్తూనే ఉన్నాను కదా అనుకున్నాడు ఇన్నాళ్ళూ. చూసిందంతా నలుపే. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటో కూడా నలుపు తెలుపుదే. మొదట సిగ్గేసింది, ఆ తర్వాత ఏడుపొచ్చింది. కూతురి ముందే ఏడ్చాడు.

మర్నాడు పిచ్చుక ఈ సంగతి బళ్ళో చెప్పింది. సాయంత్రానికి పిల్లలంతా నాన్న గాజుపని గదిలోకి ఊడిపడ్డారు. డ్రైవరు చొక్కాలోంచి కాస్త నీలం, అమ్మమ్మ శాలువాలోంచి కాస్త ఎరుపు, తలా ఓ గాజుముక్క అమ్మ బొమ్మకు ఇచ్చారు. కళ్ళకు ఏం పెట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి ఒక పిల్ల పిచ్చుక మొహంలోకి తేరిపార చూసి, అరలోంచి పగిలిన తేనెరంగు మందుసీసా తీసింది.

"ఆ గాజులోకి వెళ్తే ఆ నీడ ఇక ఇంటికి రాదురా" అంది పెద్దమ్మ నాన్నతో. "ఒక మనిషి రెండు చోట్ల ఎలా ఉంటుంది?"

"తెలుసు పెద్దమ్మా."

"తెలిసే చేస్తున్నావా?"

"నాకు ఏడేళ్ళు తోడుగా ఉంది. పిచ్చుకకు ఒక్క రోజూ లేదు."

కిటికీ బిగించే రోజు పొద్దున్న నాన్న గోడ ముందు కూర్చున్నాడు. నీడ వచ్చింది, జోకొట్టింది, ఎండతో పాటు పక్కకు జరిగింది. "వెళ్ళిరా" అన్నాడు.

మర్నాటి ఎండకు గ్రంథాలయం నేల మీద రంగులు పరుచుకున్నాయి. పిల్లలు ఎవరి మనిషి మీదికి వాళ్ళు గెంతారు. పిచ్చుక మాత్రం మెల్లగా వెళ్ళి నిలబడింది. నేల మీది నీలం, ఎరుపు చేతులు తడుముకుంటూ కదిలాయి. పాదాల దగ్గర మొదలుపెట్టి, మోకాలి మీది గాయం చెక్కు దాకా, ఊడిన పంటి సందు దాకా వచ్చి ఆగాయి. ఇంత పెద్దదయిందా అన్నట్టు మళ్ళీ ఒకసారి కింది నుంచి పైదాకా కొలిచాయి. తర్వాత చుట్టుకున్నాయి.

నాన్న గుమ్మం దగ్గరే నిలబడి చూసి ఇంటికి వచ్చేశాడు. వంటింటి గోడ మీద ఉత్త ఎండ. ఇన్నాళ్ళూ కనబడని పొగమరక కనబడింది. ఒక్కడే కూర్చుని ఆ మరకను చూస్తూ ఉండిపోయాడు.

బడి నుంచి వచ్చిన పిచ్చుకకు పాలు పోసిచ్చాడు.

"అమ్మ చూసిందా?"

"చూసింది."

"కళ్ళు ఎలా ఉన్నాయి?"

"నా కళ్ళలాగే ఉన్నాయి నాన్నా."

అతను కూతురి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పాడు. మందుసీసా రంగు. ఏడేళ్ళుగా ఆ కళ్ళు ఆ గోడకు ఇవతలే, అతని ఎదురుగా కూర్చుని పాలు తాగుతున్నాయి.