ఎవరి పరిధి

స్టేషన్ ప్లాట్‌ఫాం మీది మంచినీళ్ల కుళాయి దగ్గర కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ మా అక్కని తోసేశాడు. ఉదయం ఏడున్నర. నేను పాఠాలు చెప్పే బడికి వెళ్లే రైలు కోసం నిలుచుని చూశాను.

అక్క ఇరవై రెండేళ్లుగా పట్టాల మీది మలం ఎత్తేది. ఆ కూలితోనే నన్ను చదివించింది. ఊడ్చేవాళ్లు తాగాల్సింది బోగీలు కడిగే గొట్టం నీళ్లు. కుళాయి ప్రయాణికులది. ఆ రోజు గొట్టంలో నీళ్లు రాలేదు. అక్క కుళాయి కింద దోసిలి పట్టింది.

"నువ్వు ముట్టుకుంటే ఇంకెవడు తాగుతాడే?" అంటూ తోశాడు. అక్క తల సిమెంటు గట్టుకి తగిలింది. నేనూ, తోటి ఊడ్చేవాళ్లూ ఎత్తుకుని పరిగెత్తాం. గేటు దాటి ఆటో ఎక్కిస్తుండగా నా చేతుల్లోనే పోయింది.

ఫిర్యాదు నేనే రాశాను. పిల్లల వ్యాసాలు దిద్దే అలవాటు కొద్దీ ఉన్నది ఉన్నట్టు రాశాను: ప్లాట్‌ఫాం మీద దెబ్బ తగిలింది, గేటు బయట రోడ్డు మీద చనిపోయింది.

స్టేషన్ లోపలి పోలీసులు కేంద్రం వాళ్లు. "చావు బయట కదా మేస్టారూ. రోడ్డు రాష్ట్రానిది, అక్కడికెళ్లండి" అన్నాడు ఎస్సై.

రోడ్డవతలి ఠాణాలో రాష్ట్రం ఎస్సై కాగితాన్ని రెండుసార్లు చదివాడు. "దెబ్బ లోపల తగిలింది. అది కేంద్రం స్థలం, మా పరిధి కాదు. మీరే రాశారుగా, చక్కగా."

నాలుగు రోజులు తిరిగాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పరిధి అంటే వృత్తం చుట్టుకొలత అని పిల్లలకి చెబుతాను. వాళ్లు గీసిన రెండు వృత్తాలకీ మా అక్క బయటే ఉంది.

ఐదో రోజు సాయంత్రం ఊడ్చేవాళ్లు ముప్పై మంది మా వరండాలో కూర్చున్నారు.

"ఆ బయటా లోపలా ఎందుకు రాశావు నాయనా?" అంది పొడుగు పిన్ని. అక్కకి పనిలో జంట.

"నిజం అదే పిన్నీ."

"నిజమే. నీ నిజంతో వాళ్లిద్దరూ బంతాట ఆడుతున్నారు."

ఫిర్యాదు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

"కుళాయి దగ్గర ఎవరినీ ఆపకూడదని కేంద్రం చట్టం ఉంది" అన్నాను చివరికి. "అమలు చెయ్యాల్సింది రాష్ట్రం."

"దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నమాట" అన్నాడు గొట్టం పట్టే ముసలాయన. కొందరు నవ్వారు. అక్క పోయాక మా ఇంట్లో అదే మొదటి నవ్వు.

"పెద్ద కోర్టుకి పోదాం."

"తీర్పొచ్చేదాకా గొట్టం నీళ్లేనా?"

"పని పీకేస్తే?"

"ప్రాణమే పీకేశారు కదరా!"

పిన్ని లేచింది. "చట్టం ఉందంటున్నాడుగా. ఉంటే తాగుదాం. రేపు, అందరం, పట్టపగలు."

మర్నాడు ముప్పై మందీ చీపుళ్లు కింద పెట్టి కుళాయి దగ్గర వరస కట్టారు. పిన్ని ముందు తాగి మూతి తుడుచుకుంది. "చప్పగానే ఉన్నాయి. దీనికా ఇంత కాపలా?"

పదో మనిషి తాగేలోపే లోపలి పోలీసులొచ్చారు. వెనకే గేటు దాటి రోడ్డవతలి పోలీసులూ వచ్చారు. "స్థలం మాది" అన్నాడు ఒక ఎస్సై. "శాంతిభద్రతలు మావి" అన్నాడు రెండో ఎస్సై. పేచీ పడలేదు. చెరో అయిదుగురిని పట్టుకున్నారు.

"చూశావా నాయనా!" పిన్ని అరిచింది. "అది చచ్చిపోతే ఒక్కడికీ లేని పరిధి, మనం నీళ్లు తాగితే ఇద్దరికీ వచ్చేసింది!"

నేను కుళాయి వైపు కదిలాను. లోపలి ఎస్సై దారి ఇచ్చాడు. "మీరు తాగండి మేస్టారూ. మిమ్మల్నెవరు కాదన్నారు?"

ఎవరూ కాదనలేదు. పదకొండేళ్లుగా ఆ కుళాయి నీళ్లు తాగి నేను రైలెక్కుతున్నాను. ఇస్త్రీ చొక్కాని ఎవరూ ఏమీ అడగలేదు. అక్క పట్టాల మీద నుంచి చూసేది. నా పరువు పోతుందని పలకరించేది కాదు. నేనూ పలకరించలేదు.

"నా వంతు రాలేదు" అన్నాను.

వరస చివర నిలబడదామని వెనక్కి తిరిగాను. మూటలు మోసేవాళ్లు, బోగీలు కడిగేవాళ్లు, నాతో రోజూ రైలెక్కే కాలేజీ పిల్లలు అప్పటికే వచ్చి ఆ వరసలో నిలబడి ఉన్నారు. చివరికి చేరడానికి చాలా దూరం నడవాల్సి వచ్చింది.