రెండంగుళాలు పైకి

"వచ్చే వారం నన్ను తీసుకెళ్లకండి," అంది లారీల షెడ్డు మేస్త్రీ భార్య, ఆసుపత్రి నుంచి వచ్చి ముందుగదిలో కుర్చీలో కూలబడుతూ. "సూది గుచ్చి పూటంతా పడుకోబెట్టినా ఓర్చుకుంటున్నాను. దారే నావల్ల కావడం లేదు."

అది వారానికోసారి ఎక్కించాల్సిన మందు. మధ్యలో మానేస్తే ఇంతవరకూ పడ్డ బాధంతా వృథా అని డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మరీ చెప్పింది.

వాళ్ల ఇల్లు రాళ్ల క్వారీకి పైన ఉంది. అక్కణ్ణుంచి తారు రోడ్డు ఎక్కేదాకా ఉన్నదాన్ని దారి అనడమే ఎక్కువ. లారీలు తొక్కి తొక్కి రెండు లోతైన గాడులు పడ్డాయి, నడుమ బండరాళ్లు లేచి నిలబడ్డాయి. మేస్త్రీ చిన్న జీపుకి నాలుగు చక్రాలూ లాగుతాయి, ఇంజనుకి వంక పెట్టడానికి లేదు. కానీ నేలకి మరీ దగ్గర. ప్రతి రాయికీ దాని పొట్ట తగిలేది. ధన్‌మని చప్పుడయినప్పుడల్లా వెనక సీట్లో ఆమె ఒళ్లంతా అదిరేది. జబ్బు ఎముకల్లోకి పాకిన మనిషికి అదెలా ఉంటుందో మేస్త్రీ ఊహించుకోగలడు. ఊహించుకోవడం వరకే.

"బండిని రెండంగుళాలు లేపుతాను," అన్నాడు. "ఒక్క రాయి కూడా తగలదు. అప్పుడొస్తావా?"

ఆమె గోడకేసి తిరిగింది. "చూద్దాం లెండి," అంది.

ఆ మాటే చాలు అనుకున్నాడు మేస్త్రీ. కంపెనీవాళ్లు అమ్మే కొత్త స్ప్రింగుల జోలికి పోయే స్తోమత లేదు. బావమరిది లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. పాత ఇనుప దిమ్మెల్లోంచి నాలుగు రింగులు తీసి, నున్నగా చెక్కి పట్టుకొచ్చాడు. వాటిని స్ప్రింగుల నెత్తిన కూర్చోబెడితే బండి ఆ మేరకు లేస్తుంది. షాకబ్జర్లకు కింద ముక్కలు అతికించాలి, బ్రేకు గొట్టాలు లాగుడు పడకుండా క్లిప్పులు కిందికి జరపాలి. ఆ రెండూ మర్చిపోయేవాడు కాదు మేస్త్రీ.

"తాబేలుకి ఎత్తు మడమల చెప్పులు తొడుగుతున్నాం బావా," అన్నాడు బావమరిది, జీపు కింద వెల్లకిలా పడుకుని.

"నీ నోటికి కూడా ఒక రింగు చేసుకుని రావాల్సింది. ఆ పానా ఇటు ఇయ్యి."

"అక్కా, విన్నావా మీ ఆయన మాటలు! ఊరికే పని చేయించుకుంటూ తిట్లు కూడా పెడుతున్నాడు."

"తిట్టించుకోరా, నీకు ఆ మాత్రం భయం ఉండాలి," అంది ఆమె కిటికీలోంచి. చాలా రోజుల తర్వాత ఆమె గొంతులో నవ్వు వినబడింది. మేస్త్రీకి చేతుల్లోకి కొత్త సత్తువ వచ్చినట్టయింది.

మేస్త్రీ పనిచేసేది పెద్ద లారీల షెడ్డులో. అక్కడ ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది: బండి స్టాండ్ల మీద ఉండగానే ప్రతి నట్టూ ఆఖరి దాకా బిగించెయ్యాలి, చక్రాలు నేలకి ఆనాక ఎవడూ కింద దూరకూడదు. ఒకసారి బరువు లారీ పక్కకి జరిగి ఒక మనిషి కాలు నలిగింది. అప్పటినుంచీ ఆ మాట జవదాటిన వాడు లేడు. తన జీపు దగ్గరా అదే పాటించాడు. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే యాక్సిల్‌ని పట్టి ఉంచే ఇనుప చేతులన్నీ బిగించి, ఆ తర్వాతే జాకీ దించాడు.

జీపు ఎత్తుగా, కొంచెం గర్వంగా నిలబడింది. ఆమె ఎక్కడానికి ఒక చెక్కపీట కూడా తయారైంది.

ఆసుపత్రి రోజున మేస్త్రీ చెవులు రెండూ బండి పొట్ట కిందే ఉన్నాయి. మొదటి బండరాయి దాటింది. రెండోది దాటింది. ధన్‌మన్న చప్పుడే లేదు. "విన్నావా?" అన్నాడు స్టీరింగ్ మీద అరచేత్తో తడుతూ. "ఒక్క దెబ్బయినా తగిలిందా?"

"తగల్లేదండీ," అంది ఆమె వెనక నుంచి.

వెనక ఆమె పక్కన కూర్చున్న బావమరిది దారి పొడుగునా ఒక్క జోకు కూడా వెయ్యలేదు. మేస్త్రీ అది పట్టించుకోలేదు. ఇంటికొచ్చి ఆమెను పడుకోబెట్టాక, బావమరిది ఆయన్ని పెరట్లోకి పిలిచి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి కింద గోళ్ల గుర్తులు ఎర్రగా దిగబడి ఉన్నాయి.

"ఏంట్రా ఇది?"

"అక్క పట్టుకుంది బావా. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ. చప్పుడు పోయింది గానీ బండి కొయ్యబారిపోయింది. ఏ గుంటలో పడ్డా చక్రం మెత్తగా దిగట్లేదు, నేరుగా నడుముకి కొడుతోంది. ఇదివరకటి కంటే ఎక్కువ."

"మరి దార్లో అనలేదేం? అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పనిస్తేగా. 'మీ బావ నేలమీద పడి దొర్లి చేశాడ్రా, నోరెత్తావంటే ఊరుకోను' అంది."

మేస్త్రీ అలాగే జీపు కింద దూరాడు. టార్చి వేసి చూస్తే సంగతి అర్థమైంది. యాక్సిల్ చేతుల చివర, కీళ్లలా మెదలాల్సిన రబ్బరు బుష్షులు మెలిపెట్టిన బట్టలా తిరిగిపోయి ఉన్నాయి. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించాడు కాబట్టి అవి ఆ వేలాడే తీరులోనే బిగుసుకుపోయాయి. నేలమీద నిలబడ్డాక ప్రతి కదలికకీ ఎదురు తన్నుతున్నాయి. లారీ దాన్ని లెక్కచెయ్యదు. చిన్న జీపు, అందులోనూ జబ్బుమనిషి, తట్టుకోలేరు. ఎవరి కాలూ నలగకూడదని పెట్టుకున్న నియమం తన భార్య నడుం విరిచింది.

మళ్లీ ఆసుపత్రికి వెళ్లే ముందురోజు మధ్యాహ్నం అన్ని నట్లూ వదులు చేశాడు. బండి చక్రాల మీద నిలబడి ఉంది, ఈసారి కింద ఆయనే ఉన్నాడు. మనుషులు కూర్చున్నప్పుడు ఎంత దిగుతుందో అంత దిగాక బిగించాలి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపు పట్టుకున్నాడు. బావమరిది వెనక సీట్లోకి ఎగిరి కూర్చున్నాడు. అంచు వేలెడు కిందికి వచ్చింది.

"నువ్వు దిగు. నేను కూర్చుంటాను," అంది ఆమె. ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. "నా సీటే కదా. నా బరువుకే బిగించమను."

"నీకెందుకే శ్రమ?" అన్నాడు మేస్త్రీ కింద నుంచి.

"రేపు ఆసుపత్రికి ఎలాగూ రాను. ఇవాళైనా కూర్చోనివ్వండి."

తమ్ముడు రెక్క పట్టుకుని పీట మీదుగా ఎక్కించాడు. మేస్త్రీ టేపు వంక చూశాడు. మడ్‌గార్డు అంచు ఖాళీ బండికి చూపించిన గీత దగ్గరే ఉంది.

"కూర్చున్నావా?"

"కూర్చున్నానండీ."

"తలుపు పట్టుకున్నావేమో, వదిలెయ్యి. పూర్తిగా ఆనుకో."

"ఆనుకునే ఉన్నాను."

బండిని ఒకసారి ఊపమన్నాడు. బావమరిది ఊపాడు. అంతా సర్దుకున్నాక మళ్లీ చూశాడు. గోరు మందం కూడా దిగలేదు.

ఆ మందే ఆమెను నిలబెడుతోందని మేస్త్రీ ఇన్నాళ్లూ నమ్మాడు. రోజూ ఆమెకి అన్నం కలిపి పెడుతున్నదీ, ఎత్తి పడుకోబెడుతున్నదీ తనే. ఆమె కళ్లెదుట కొంచెం కొంచెంగా కరిగిపోతుంటే ఆనవాలు పట్టలేకపోయాడు. ఇప్పుడు ఆమె ఎక్కి కూర్చుంటే బండికి బరువే తెలియలేదు.

"దిగిందాండీ?" అంది ఆమె.

"ఆఁ. దిగింది."

అక్కడే బిగించాడు. నట్టు కదలనని మొరాయించాక కూడా పానా లాగుతూనే ఉన్నాడు. "చాల్లే బావా, బోల్టు తెగుతుంది," అన్నాడు బావమరిది. అప్పుడు బయటికొచ్చి, చేతులకి అంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు.

"రేపటి సంగతి..." అని ఆమె మొదలుపెట్టింది.

"రేపు వద్దులే. నీకు వద్దనిపిస్తే ఇక వద్దు. నేను మళ్లీ అడగను."

"అదేంటి బావా!" అని బావమరిది అడుగు ముందుకేశాడు. మేస్త్రీ వాడి భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

ఆమె ఆయన ముఖంలోకి పరీక్షగా చూసింది. "కోపంతో అనట్లేదుగా?"

"కాదు."

ఆమె నుదుటి మీద ముడతలు మెల్లగా విడిపోయాయి. ఎన్నో వారాలుగా ఆమె మోస్తున్నది జబ్బు ఒక్కటే కాదు, తన పట్టుదల కూడా అని మేస్త్రీకి అప్పుడు తెలిసింది. ఆ తేటపడ్డ ముఖాన్ని చూడలేక జీపు తలుపు సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాడు.

"మళ్లీ దిగి ఎక్కే ఓపిక లేదు. ఎలాగూ ఎక్కానుగా, కాస్త తిప్పండి," అంది. "ఆసుపత్రి వైపు కాదు. అటు పాత క్వారీ వైపు."

బావమరిది సామాన్లు ఏరుకుంటూ పెరట్లోనే ఉండిపోయాడు. మేస్త్రీ బండి తీశాడు. మొదటి గుంటలో చక్రం మెత్తగా దిగి, మెత్తగా లేచింది. అద్దంలో ఆమె కళ్లు మూసుకుని ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

"నిజం చెప్పు."

"ఈసారి నిజమే."

మేస్త్రీ గేరు తగ్గించాడు. ముందున్న రాళ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ, మనిషి నడక కంటే మెల్లగా పోనిచ్చాడు.